ఆటగాడు వేరు, ఆట నేర్పువాడు వేరు

విద్య నేర్చినవాడెల్ల విద్య నేర్పగలడని మనలో నొక నమ్మకము పాతుకొనియున్నది. పరీక్షయందు మొదటి తరగతిలో నుత్తీర్ణుడైన యువకుని జూచి "ఈతడు పిల్లలకు పాఠము చెప్పలేడా?" యని తలిదండ్రులందురు. పాఠశాలలను నడపువారిలో గూడ ననేకు లట్లే తలంతురు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గడపిన కాలము ప్రభుత్వపు నిబంధన కొరకే గాని వేరు ప్రయోజనము లేదని నాతో వాదించిన మిత్రులును గలరు. దీనికి నేను నా వృత్తి నుండియే ప్రత్యుత్తరము చెప్పినచో, తన సరకును తానే మెచ్చుకొను వర్తకునివలె నున్నాడని చదువరులు నవ్వవచ్చును. కావున పాఠశాలతో నే సంబంధమును లేని యొక దూరదేశపు ఆటగాని చరిత్రమును సాక్ష్యముగా నిలుపుచున్నాను. అతడు కెనడా దేశీయుడు; మంచు హాకీ యాటలో మిక్కిలి పేరు వడసినవాడు; ఆట మానిన పిమ్మట శిక్షకుడై, ఆటగాడుగా వడసిన దానికంటె నెక్కువ పేరు వడసినవాడు. ఆటగాడై యుండుట చేతనే యతడు మంచి శిక్షకుడు కాలేదని నా వాదము.

ముందుగా ఆ యాటను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మన బాలురు సాయంకాలము మైదానమున నాడు హాకీకిని దీనికిని కఱ్ఱయు పేరును మాత్రమే పోలిక. మనకు మంచుగడ్డ యనగా వేసవిలో సోడా దుకాణమున గోనెలో జుట్టి యుంచు దిమ్మయే గాని, దానిపై మనుష్యులు పరుగెత్తుట యూహకందదు. కెనడాలో శీతకాలమున చెరువులు గడ్డకట్టి నేలవలె గట్టిపడును. అడుగున ఉక్కు బద్దలు గల స్కేట్లను బూట్లు తొడిగికొని ఆటగాండ్రు ఆ గడ్డపై జారుచు మహావేగముతో బోవుదురు. బంతికి బదులు 3 అంగుళముల వెడల్పును 1 అంగుళము మందమును గల గట్టి రబ్బరు బిళ్ళను కఱ్ఱలతో గొట్టుదురు. గోలు 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. ఒక్కొక పక్షమున గోలుకీపరుతో గూడ ఆరుగురు. ఇరువదేసి నిమిషముల భాగములు మూడు. మఱియొక విశేషము గలదు. ఆటగాండ్రు నిమిషమునకో యంతకు దక్కువకో అలసి వెలుపలికి రాగా, ఆట నిలువకుండగనే యితరులు వారి స్థానమున లోపలికి దూకుదురు. ఎవ్వరు దిగవలెను, ఎవ్వరు రావలెను, ఏ ముగ్గురిని ఎవ్వరిపై బంపవలెను అను నిర్ణయము బల్ల వెనుక నిలిచిన శిక్షకునిది. ఇతర క్రీడలలో శిక్షకుడు ఆటకు ముందు మాటలాడి ఊరకుండవచ్చును. ఇందులో నట్లు వీలుపడదు.

హెక్టర్ బ్లేక్ 1912వ సంవత్సరమున ఆంటేరియో రాష్ట్రములో, నికెలు గనుల ప్రాంతమున, నొక పెద్ద కుటుంబమున జన్మించెను. పసిదగు చెల్లెలికి నోరు తిరుగక "హెక్టో" యని పిలువగా, ఆ చివరి యక్షరమే నిలిచి, దేశమంతట నతడు "టో" బ్లేక్ అయ్యెను. 1936 మొదలు మాంట్రియల్ నగరపు కెనేడియన్స్ జట్టున ఎడమవైపు నాడెను. 1938-39 సంవత్సరపు ఆటలలో అందరికంటె నెక్కువ అంకములు సంపాదించి, ఆ యేటి శ్రేష్ఠుడైన ఆటగానికిచ్చు హార్ట్ బహుమానమును బడసెను. తరువాత ఎల్మర్ లాక్, మోరిస్ రిషార్ అను నిరువురతో గలసి యాడినప్పుడు ఆ మువ్వురకు "పంచ్ లైన్" అని పేరు వచ్చెను. 1944-45లో అంకములు లెక్కింపగా లాక్ మొదటివాడు, రిషార్ రెండవవాడు, బ్లేక్ మూడవవాడు. రిషార్ 50 ఆటలలో 50 గోలులు చేసిన సంవత్సర మదియే. గోలు పడినపుడు గోలు వెనుక నెఱ్ఱ దీపము వెలుగును. బ్లేక్ దానిని పలుమారు వెలిగించుటచేత ప్రజలు వానిని ముద్దుగా "దీపములు వెలిగించు ముసలి" యని పిలిచిరి. 1940 నుండి జట్టుకు నాయకుడు. 1944లోను 1946లోను స్టాన్లీ కప్పును గెలిపించిన చివరి గోలు వానిదే. ఈ కప్పు 1892లో లార్డ్ స్టాన్లీ యను గవర్నరు జనరలు ప్రసాదించినది. ఆ క్రీడలో దానిని మించిన గౌరవము లేదు. ఆటలో తప్పు చేసినవానిని రెండు నిమిషములు వెలుపల గూర్చుండబెట్టుదురు. 1945-46 సంవత్సరపు ఆటలన్నిటిలో బ్లేక్ కూర్చుండినది మొత్తము రెండు నిమిషములు. మర్యాదగా నాడినవానికిచ్చు లేడీ బింగ్ బహుమానము ఆ యేడు వానికి వచ్చెను. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనితో పనిపడును.

1948 జనవరిలో న్యూయార్క్ రేంజర్స్ జట్టుతో ఆడుచుండగా బ్లేక్ చీలమండ విరిగెను. అప్పటికి ముప్పదియైదేండ్ల వాడు. పెద్ద సంఘమున వాని యాట దానితో ముగిసెను.

ఇచ్చట మనము నిలిచి చూడవలెను. అట్టి కీర్తిమంతుడు మాంట్రియల్ జట్టునకే శిక్షకుడుగా నియమింపబడియుండవచ్చునని మనకు దోచును. అట్లు జరుగలేదు. మొదట టెక్సాసులోని హ్యూస్టన్‌లో నొక చిన్న సంఘపు జట్టును నడిపెను. నేడు వేలకొలది తెలుగువారు కాపురమున్న ఆ యూరు ఎండలకు ప్రసిద్ధి. అచ్చట మంచు హాకీ నేర్పుట యెట్టిదో ఊహించుకొనుడు! అయినను ఆ జట్టు 1948లో తమ సంఘమున విజేత యయ్యెను. పిదప బఫెలో నగరమునకు బోయెను. 1949 నుండి 1954 వరకు మాంట్రియల్ సమీపమున వాలీఫీల్డ్ అను నూలుమిల్లుల పట్టణపు జట్టుకు శిక్షకుడుగా నుండెను.

మాంట్రియల్ జట్టున నున్నన్నాళ్లు బ్లేక్ తనవంటివారి మధ్య నాడినవాడు. తాను చూపు త్రిప్పినచో రిషార్ ఎచ్చట నుండవలెనో అచ్చట నుండెడివాడు, చెప్పవలసిన పనిలేదు. వాలీఫీల్డ్ యువకులకు చెప్పవలెను. ఒకమారు గాదు, పదిమార్లు; ఒకరికి చెప్పిన రీతిని మఱియొకరికి చెప్పిన చాలదు. తాను తలంపక చేసిన దానిని మాటలలో విడదీసి చెప్పుట, ఎదుటివాడు గ్రహింపకున్న కోపగింపక వేరు మాట వెదకుట, ఈ రెండును ఆటవలన వచ్చునవి గావు. గొప్ప యాటగాండ్రకు ఇది మఱియు కష్టము. ఏలయన వారికి తమ నేర్పు ఎట్లు వచ్చెనో తమకే తెలియదు. ఆ చిన్న పట్టణములే వానికి శిక్షణ కళాశాల యయ్యెనని నేను తలంచుచున్నాను. పత్రికలవారు వాని చరిత్ర వ్రాయునపుడు ఆ యేండ్లను రెండు పంక్తులలో దాటిపోవుదురు. నాకు మాత్రమవియే ముఖ్యమని తోచును.

1955లో మాంట్రియల్ నగరమున నొక యుపద్రవము సంభవించెను. మోరిస్ రిషార్ ఆటలో ఎంత చురుకైనవాడో కోపమున నంత తీవ్రమైనవాడు. మార్చి నెల 13వ తేదీన బోస్టన్‌లో జరిగిన తగవులో నతడు ఆట నడపు నొక యధికారిని కొట్టెను. సంఘాధ్యక్షుడు క్లారెన్స్ క్యాంబెల్ ఆ సంవత్సరమున మిగిలిన ఆటలన్నిటి నుండి వానిని బహిష్కరించెను. క్విబెక్ రాష్ట్రమున ఫ్రెంచి మాటలాడు ప్రజలే యధికులు, వారికి రిషార్ తమ జాతి వీరుడు, అధ్యక్షుడు ఇంగ్లీషువాడు. 17వ తేదీ రాత్రి ఆట చూడవచ్చిన జనులు తిరుగబడిరి, బాష్పవాయువు వ్యాపించెను, వీధులలో దుకాణముల అద్దములు పగిలెను. మఱునాడు రిషార్ స్వయముగా శాంతింపుడని రేడియోలో వేడుకొనవలసివచ్చెను. అప్పటి శిక్షకుడు డిక్ ఇర్విన్ వాని కోపమును చల్లార్చుటకు మారుగా రగుల్కొల్పుచున్నాడని జట్టు కార్యనిర్వాహకుడు ఫ్రాంక్ సెల్కీ తలచెను. ఇర్విన్ షికాగోకు బోయెను. ఆ స్థానమునకు బ్లేక్ పిలువబడెను. అప్పటికి వాని వయస్సు నలువదిరెండు.

వానిని గోరుటకు రెండు కారణములు చెప్పుదురు. రిషార్ పక్కన నాడినవాడగుటచే వాని స్వభావ మెరుగును; తల్లి ఫ్రెంచి కుటుంబమునకు జెందినదగుటచే ఆ భాష మాటలాడగలడు. రెండవ కారణమును మన తలిదండ్రులు గమనింపవలెనని ప్రార్థించుచున్నాను. ఇంటిలో తెలుగు మాటలాడు బాలునికి ఇంగ్లీషులోనే సర్వమును చెప్పవలెనని పట్టుబట్టువారు నేడు పెక్కురు. కోపమున నున్నవానిని, భయమున నున్నవానిని వాని యింటి మాటతోనే సమీపింపవలెనని ఆ మంచుదేశపు వర్తకులు సైత మెరుగుదురు. అది యట్లుండనిండు. 1954-55లో 125 నిమిషములు శిక్షననుభవించిన రిషార్, బ్లేక్ క్రింద నాడిన మొదటి సంవత్సరమున 89 నిమిషములు మాత్రమే యనుభవించెను. గోలులేమో తగ్గలేదు, 38 చేసెను. ఆ యేడు స్టాన్లీ కప్పు మాంట్రియల్‌కు వచ్చెను. మఱుసటి యేడును వచ్చెను. 1956 నుండి 1960 వరకు వరుసగా ఐదేండ్లు వచ్చెను. అంతకు ముందును తరువాతను ఏ జట్టునకు నిట్టి వరుస లభింపలేదు. ఆ జట్టు యొక్క బలమెట్టిదనగా, ఎదిరి పక్షమున నొకడు తప్పు చేసి వెలుపల గూర్చుండిన రెండు నిమిషములలోనే వారు రెండు మూడు గోలులు చేసెడివారు. 1955 నవంబరులో జాన్ బెలివో యను యువకుడు 44 సెకండ్లలో మూడు గోలులు చేసెను. తుదకు సంఘమువారు నియమమునే మార్చి, ఒక గోలు పడినంతనే శిక్షితుడు తిరిగి రావచ్చునని 1956లో నిర్ణయించిరి. బ్లేక్ 1965లోను, 1966లోను, 1968లోను మరల కప్పు గెలిచెను. పదమూడేండ్లలో ఎనిమిది కప్పులు, 500 విజయములు.

వాని క్రింద నాడినవారు తరువాత చెప్పిన మాటలలో తరచు వినవచ్చునదేమనగా, అతడు ఒకని తప్పును పదిమంది యెదుట నెత్తి చూపెడివాడు కాడు. పిలిచి యేకాంతమున జెప్పెడివాడు. మనలో బెత్తమును నమ్మినవారు దీనిని విందురు గాక.

ఇప్పుడు మఱియొకరిని చూతము. వేన్ గ్రెట్స్కీని మించిన ఆటగాడు ఆ క్రీడలో లేడని అనేకుల యభిప్రాయము. 1999లో ఆట మానునాటికి అతడు సంపాదించిన 2857 అంకములను నేటి వరకు నెవ్వరును సమీపింపలేదు. 2005లో నతడు ఫీనిక్స్ నగరపు జట్టునకు శిక్షకుడయ్యెను. అంతకు ముందొక చిన్న జట్టునకైనను శిక్షణ నిచ్చినవాడు కాడు. 2009 వరకు నాలుగేండ్లున్నను ఆ జట్టు ఒక్కమారైనను కప్పు పోటీల తుది భాగమునకు జేరలేదు. న్యాయముగా జెప్పవలెనన్న, ఆ జట్టు బలహీనమైనది. ధనలోపముచే 2009లో న్యాయస్థానము నాశ్రయించినది. తప్పంతయు గ్రెట్స్కీదని నేననను. అంతటి పేరు ఆ జట్టును నిలుపలేకపోయెనని మాత్రమందును.

ఆటలో పేరు లేకున్నను శిక్షకుడు కావచ్చునా? కావచ్చును. స్కాటీ బోమన్ అను మాంట్రియల్ బాలుడు 1952లో తలకు దెబ్బ తగిలి, పెద్ద సంఘమున నొక్క ఆటయు నాడక యుండగనే ఆటగాని యాశ వదలుకొనెను. అతడు బాలుర జట్లకు నేర్పుచు, ఊరూర తిరిగి క్రొత్త ఆటగాండ్రను వెదకుచు, అనేక సంవత్సరములు మాంట్రియల్ సంస్థలో పనిచేసి, బ్లేక్ పద్ధతిని సమీపమున నుండి చూచెను. పిదప తొమ్మిది స్టాన్లీ కప్పులు గెలిచి 2002లో బ్లేక్ లెక్కను దాటెను. తన తలకు దెబ్బ తగిలించిన టాల్బో యనువాడు కాలాంతరమున తన జట్టుననే ఆడవచ్చినపుడు వానిని జేర్చుకొనెను. ఆదివారపు బడిలో క్షమను గూర్చి చెప్పు సహోదరు లీ కథను వాడుకొనవచ్చును. బ్లేక్ గొప్ప యాటగాడు, బోమన్ ఆటగాడే కాలేదు. కాని యిరువురును చిన్నచోట్ల చాలకాలము నేర్పుట నేర్చుకొనినవారు.

నా విషయము కొంచెము చెప్పక తీరదు. శిక్షణకు బోకముందు నేను రెండేండ్లు లెక్కలు చెప్పితిని. లెక్కలలో నాకు మంచి మార్కులు వచ్చినవి. అందుచేతనే ఆ పని దొరికినది. ఒకనాడు ఆరును అరతో భాగింపగా పండ్రెండు వచ్చునని నల్లబల్లపై వ్రాసితిని. వెనుక బల్లనున్న బాలుడొకడు లేచి, "భాగించిన తగ్గవలెను గదా, పెరుగుటెట్లండీ?" యని యడిగెను. తలక్రిందులు చేసి గుణింపుమంటిని. మరల నడిగెను. నియమమది, కూర్చుండుమంటిని. అతడు కూర్చుండెను, ఆ యేడు మరల లేవలేదు. వాని ప్రశ్న నాకు వింతగా దోచినది గాని, నా ప్రత్యుత్తరము వింతగా దోచలేదు. శిక్షణ కళాశాలలో నొక వృద్ధ గురువు ఇదే లెక్క మాకిచ్చి, నియమము చెప్పక బోధింపుడనెను. నలువదిమంది పట్టభద్రులము ఒకరి మొగమొకరు చూచుకొంటిమి. అప్పుడాయన "ఆరు దోసెలున్నవి, తలకు అర దోసె, ఎంతమందికి వచ్చును?" అనెను. ఆ బాలుడు నా మనస్సులో మెదలెను. వాని కా దోసెల మాట చెప్పవలెనని సెలవులలో విచారించితిని. వాని తండ్రి ఊరు మారిపోయినాడనిరి.

బ్లేక్‌ను దేవదూతగా జేయుట నా యుద్దేశము కాదు. అతడు మాంట్రియల్‌లో నొక మద్యశాలను నడిపినాడు. ఈ పత్రికలో దానిని మెచ్చుకొనలేను. కోపమును జయించినాడనుకొందమా, 1961 మార్చిలో షికాగో జట్టుతో ఆట నిర్ణీత కాలము మించి మూడవ అదనపు భాగము వరకు సాగి ఓటమియైనపుడు, మంచుపైకి నడచిపోయి తీర్పరిని పిడికిట గొట్టెను. 2000 డాలర్లు జరిమానా చెల్లించెను. సంవత్సరమంతట రెండు నిమిషములు మాత్రము శిక్షననుభవించిన మర్యాదస్థుడే యీతడు! తన కఱ్ఱ తన చేతనున్నపుడు మనుష్యుడు శాంతముగా నుండగలడు. తాను నేర్పినవారు ఓడిపోవుచుండగా చేతులు కట్టుకొని చూచుట మఱియొక బాధ. పరీక్షా ఫలితములు వెలువడు దినమున నుపాధ్యాయు లా బాధ నెరుగుదురు. ఆ భారము తాళలేకయే 1968లో కప్పు గెలిచిన వెంటనే యతడు శిక్షకత్వము మానెను. వార్ధక్యమున జ్ఞాపకశక్తి నశించు వ్యాధి సోకి, తన వారిని గుర్తింపలేక, 1995లో మరణించెను.

వాని తప్పులలో నాకు మిక్కిలి యుపయోగించినది మఱియొకటి. గోలుకీపరు జాక్ ప్లాంట్ ముఖమునకు పలుమార్లు గాయములై, అభ్యాసమున నొక ముసుగు ధరించుచుండెను. ఆటలో ధరించుటకు బ్లేక్ ఒప్పుకొనలేదు. ముసుగు వేసికొనినచో పాదములచెంత నున్న బిళ్ళ కనబడదనియు, గోలుకీపరు భయపడుచున్నాడని యెదిరివారు తలంతురనియు వాని వాదము. తన కాలమున నెవ్వరును ధరింపలేదు. అదియే అసలు కారణమని నేననుకొందును. తానెరిగిన ఆట ఎట్లుండెనో అట్లే యుండవలెనని యనుభవశాలికి దోచును. నేను పలకపై నేర్చితిని గాన మీరును పలకపైననే నేర్వవలెనని మనమనుట లేదా?

1959 నవంబరు 1వ తేదీన న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన బిళ్ళ ప్లాంట్ ముఖమునకు దగిలి, రక్తము ప్రవహించెను. వైద్యుడు కుట్లు వేసెను. వేరు గోలుకీపరును వెంట దెచ్చు వాడుక ఆ కాలమున లేదు. ముసుగు లేక తిరిగి రానని ప్లాంట్ చెప్పెను. బ్లేక్ మండిపడి, తుదకు గాయము మానువరకు మాత్రమని యొప్పుకొనెను. ఆ రాత్రి మాంట్రియల్ 3-1 గా గెలిచెను. గాయము మానెను, ప్లాంట్ ముసుగు తీయలేదు, ఓటమి లేని ఆటల వరుస 18 వరకు సాగెను. బ్లేక్ మాట తగ్గించెను గాని మనస్సు మార్చుకొనలేదు. 1960 మార్చి 8వ తేదీన డెట్రాయిట్‌లో నొక్కమారు తీసి యాడుమని కోరెను. ప్లాంట్ శిక్షకుని మాట మన్నించి తీసి యాడెను. మాంట్రియల్ 3-0 గా ఓడిపోయెను.

మఱునాటి రాత్రి ముసుగు మరల ప్లాంట్ ముఖమున నుండెను. ఆ తరువాత దానిని తీయలేదు. ఆ వసంతమున కప్పు కొరకు మాంట్రియల్ ఎనిమిది ఆటలాడి, ఎనిమిదింటను గెలిచెను.